చారాణా కోడికి బారాణా మసాలా: వికీలో పాత రూపాయల లెక్క

2024 ఉగాదికి బోధన్ దగ్గర మా ఊరికి పోయాను. పచ్చడి తినీ తినకముందే మా కాక ఒక ప్రశ్న వేశాడు.

"అరేయ్, వికీపీడియాల పాత పైసలకు ఇప్పటి విలువ ఎంతయితదో నువ్వే రాస్తవట గదా. మన ఇంటి లెక్క గూడ ఒకటి జెప్పు. 1960ల మీ అత్తమ్మ పెండ్లప్పుడు తాత ఆమె భాగం కింద మూడు వేలు ఇచ్చిండు. ఇప్పటి లెక్కల ఎంతయితది?"

విషయం ఏంటంటే, తాత భూమి ఇన్నేళ్ళకు పంపకానికి వచ్చింది. అత్తమ్మకు ఎనభై దాటాయి. ఆమె వాటా "అప్పుడే ఇచ్చేసినం" అనేది కాక వాదన. చట్టం ఏం చెప్తుందో వకీలు చూసుకుంటాడు, అది నా పని కాదు. నన్నడిగింది లెక్క మాత్రమే. నేనూ సాఫ్టువేరు వాణ్ణి కదా, ఎవరైనా లెక్క అడిగితే చాలు, ఎందుకు అడుగుతున్నారో ఆలోచించకుండా ల్యాప్‌టాప్ తెరుస్తాను. తెరిచాను.

పది నిమిషాల్లో జవాబు చెప్పాను: రూ. 2,73,735.

కాకకు ఆ చివరి 735 తెగ నచ్చింది. "సూసిన్రా, ఇంజినీరు లెక్క అంటే గిట్లుండాలె. రూపాయి తోని సహా జెప్పిండు" అని అందరికీ చూపించాడు. అప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. ఎందుకంటే ఆ 735కి ఏ అర్థమూ లేదని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ టపా ఆ 735 గురించి. ఇలాంటి 735లు మన తెలుగు వికీ వ్యాసాల్లోకి నాలాంటి వాళ్ళమే ఎలా ఎక్కిస్తున్నామో దాని గురించి కూడా.

ముందు ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్తాను

పారిశ్రామిక కార్మికుల వినియోగదారు ధరల సూచీ అని ఒకటుంది. లేబర్ బ్యూరో వాళ్ళు నెలనెలా ఇస్తారు. మీ ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఎవరైనా ఉంటే దీని పేరు తెలియకపోయినా దీని ఫలితం తెలుసు. డీఏ పెరిగేది దీన్ని చూసే. దీని ఆధార సంవత్సరం 1960, తర్వాత 1982, తర్వాత 2001, ఇప్పుడు 2016. ఆధారం మారినప్పుడల్లా పాత సిరీస్‌కు కొత్త సిరీస్‌ను కలపడానికి ఒక గుణకం ఇస్తారు: 4.93, 4.63, 2.88.

2023 డిసెంబరు సూచీ 138.8. దాన్ని 2.88తో, 4.63తో, 4.93తో వరసగా గుణిస్తే 1960 ఆధారంతో సుమారు 9,124 వస్తుంది. 1960లో అది 100. అంటే దాదాపు 91 రెట్లు. మూడు వేలను దాంతో గుణించాను. అంతే సంగతి.

లెక్కలో తప్పు లేదు. అయితే ఆ సూచీ దేని ధరలను కొలుస్తుంది? కార్మికుడి ఇంట్లో బియ్యం, పప్పు, నూనె, బట్టలు, ఇంటద్దె, బస్సు చార్జీ, ఇలాంటివి. ఆడపిల్ల వాటా కింద ఇచ్చిన డబ్బుని కందిపప్పుతో కొలవొచ్చా? అత్తమ్మ ఆ రోజు ఆ మూడు వేలతో బంగారం కొనుక్కుని ఉంటే? 1960లో పది గ్రాములు సుమారు 112 రూపాయలు. 2023 చివర్లో 63 వేల దరిదాపుల్లో ఉంది. ఆ లెక్కన మూడు వేలంటే దాదాపు 17 లక్షలు. భూమే ఇచ్చి ఉంటే? మా ఊళ్ళో ఎకరం ఎంత పలుకుతుందో కాకకు నాకన్నా బాగా తెలుసు, అందుకే ఆయన ఆ లెక్క అడగలేదు!

ఒకటే మూడు వేలు. ఒక లెక్కలో రెండు లక్షల డెబ్బై నాలుగు వేలు, ఇంకో లెక్కలో పదిహేడు లక్షలు. ఏ సూచీ ఎంచుకుంటామన్నది గణితం కాదు సార్, అది తీర్పు. నేను తెలియకుండానే తీర్పు చెప్పేశాను, అది కూడా ఎవరు అడిగారో వాళ్ళ వైపే.

వికీలో జరుగుతున్నదీ ఇదే

ఇంగ్లీషు వికీలో ఇన్‌ఫ్లేషన్ అనే మూస ఉంది. పాత మొత్తం, దేశం, సంవత్సరం ఇస్తే చాలు, పక్కన బ్రాకెట్లో నేటి విలువ కట్టి చూపిస్తుంది. రూపాయలకు ఇంకో మూస వేరే ఉంది, అది లక్షలు, కోట్లు అర్థం చేసుకుని డాలర్లలోకి కూడా మారుస్తుంది. మనవాళ్ళు ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదించేటప్పుడు ఈ మూసలూ వెంట వస్తాయి. రాకపోతే వాటి స్థానంలో వచ్చిన అంకె మామూలు పాఠ్యంగా దిగుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. మూస అయితే ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది, పాఠ్యం అయితే అదే సత్యం అయిపోతుంది.

తమాషా ఏంటంటే, ఆ ఇన్‌ఫ్లేషన్ మూస డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక స్పష్టంగా ఉంది. వినియోగదారు సూచీ నిత్యావసరాలకు, కూలీల అద్దెలకు, చిన్నా చితకా సేవల బిల్లులకు మాత్రమే పనికొస్తుంది, పెట్టుబడి ఖర్చులకు, ప్రభుత్వ వ్యయాలకు, ధనవంతుల ఆస్తులకు వాడకండి అని. డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతారు! మనం ఆఫీసులో చదువుతామా? ఉదాహరణ కాపీ చేసి, పారామీటర్లు మార్చి, రన్ అయితే చాలు అనుకుంటాం. నేనూ అలాగే చేశాను. డ్యాముల ఖర్చులకు పెట్టాను, ఫ్యాక్టరీ పెట్టుబడులకు పెట్టాను. ఆ తర్వాత చాలావాటిని నేనే తీసేశాను.

మా ప్రాంతం ఉదాహరణే తీసుకోండి. నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్ళతోనే బోధన్ చుట్టుపక్కల చెరుకు పెరిగింది. ఆ చెరుకును చూసే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారం అని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఈ కథలో ప్రతి మలుపులోనూ ఒక రూపాయల అంకె ఉంటుంది: ఆనకట్ట ఖర్చు, కంపెనీ మూలధనం, టన్ను చెరుకు ధర, అమ్మకపు ధర, బకాయిలు. అన్నిటికీ ఒకే మూస తగిలిస్తే ఎలా? ఆనకట్ట ఖర్చు ఎంత పెద్దదో చెప్పాలంటే ఆ ఏడు హైదరాబాదు రాజ్య బడ్జెట్లో అది ఎన్నో వంతో చెప్పండి. ఫ్యాక్టరీ వాటా ఎంతకు పోయిందో చెప్పాలంటే ఆనాటికి ఆ ఆస్తులకు, ఆ భూములకు ఎంత విలువ కట్టారో పక్కన పెట్టండి. కందిపప్పు సూచీ ఈ రెండింట్లో దేనికీ జవాబు చెప్పదు.

హాలీయా, కల్దారా?

సరే, సూచీ సంగతి అటుంచండి. దానికన్నా ముందు, మీరు పెంచుతున్న ఆ రూపాయి ఏ రూపాయి?

నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, ఉస్మానియా సిక్కా. జనం నోట్లో హాలీ. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. రెండూ ఒకటి కాదు. 1950లో భారత రూపాయి ఇక్కడికి వచ్చినప్పుడు వాడిన మారకం 7 హాలీలకు 6 భారత రూపాయలు. అంటే 100 కల్దార్‌కు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. మనం చదివించే నూటపదహార్లు ఇక్కణ్ణించే పుట్టాయనే మాట మీరూ విని ఉంటారు. అది కథో నిజమో పక్కన పెడితే, లెక్క మాత్రం దగ్గర్లోనే ఉంది.

మా తాత లెక్కల పుస్తకంలో 1949లో రెండెకరాలు కొన్నట్టు ఒక పద్దుంది: 1,400. పక్కన ఉర్దూలో ఒక చిన్న మాట. చాలా ఏళ్ళు మేమెవరం దాన్ని చదవలేదు. ఉర్దూ వచ్చిన మా బాపు స్నేహితుడు చూసి "హాలీ" అని చెప్పాడు. అంటే 1,200 భారత రూపాయలు. ఒక్క మాట చదవకపోతే లెక్క ఆరింట ఒక వంతు ఎక్కువొస్తుంది. దాన్ని 90 రెట్లు పెంచితే తప్పు కూడా 90 రెట్లు పెరుగుతుంది. సూచీకి దేని మీద గుణిస్తున్నామో పట్టదు కదా.

హైదరాబాదు రాజ్యం పాత నివేదికల నుంచి అంకెలు తీసుకుని తెలుగు వికీలో "రూ." అని మాత్రం రాసే మిత్రులకు నా మనవి: అది హాలీయా కల్దారా రాయండి. మూలంలో లేకపోతే లేదని రాయండి.

ఇంకో గొయ్యి సంవత్సరం. నిజాం కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. 1347 ఫసలీ అంటే సుమారుగా 1937-38. దానికి 590 కలపాలి, సంవత్సరం మొదలయ్యేది జనవరిలో కాదు. 1347 అని చూసి ఎవరూ కాకతీయుల తర్వాతి కాలం అనుకోరులెండి, కానీ ఒక ఏడాది అటూ ఇటూ తప్పు పోవడం చాలా మామూలు. రెండో ప్రపంచయుద్ధం నాటి ధరల్లో ఒక్క ఏడాది తేడా అంటే చిన్న తేడా కాదు.

అణాలు, ఎక్సెల్, జావా

ఇప్పుడు మన వృత్తిలో వాళ్ళకు ఇష్టమైన భాగం.

పాత పద్దుల్లో 12 రూపాయల 10 అణాల 8 పైలను 12-10-8 అని రాసేవారు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. దశాంశ పద్ధతి 1957 ఏప్రిల్ 1న వచ్చింది. నేను తాత పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టినప్పుడు మొదటి సాయంత్రం చక్కగా టైపు చేసి పడుకున్నాను. పొద్దున చూస్తే బెల్లం కొన్న ఖర్చంతా 2008 అక్టోబరు తేదీలుగా మారిపోయింది. ఎక్సెల్‌కు 12-10-8 అంటే తేదీ మరి! నవ్వుకున్నాను గానీ, ఇదే పని ఎవరైనా వెయ్యి వరసల పట్టికతో చేసి, మారిన తేదీలను మళ్ళీ అంకెలుగా "సరిచేసి" ఎక్కడో పెట్టి ఉంటారని తలుచుకుంటే నవ్వు రాలేదు. 12-10-8ని దశాంశాల్లో 12.108 అని రాసిన పట్టిక కూడా చూశాను. అసలు విలువ 12.67. దాన్ని పైలుగా, అంటే రూపాయికి 192 చొప్పున పూర్ణాంకంగా దాచుకుంటే ఏ గొడవా లేదు: 12 రూపాయలు అంటే 2,304, పది అణాలు అంటే 120, ఎనిమిది కలిపితే 2,432. డబ్బును ఫ్లోట్‌లో దాచకూడదని ఇంటర్వ్యూల్లో అడుగుతాం కదా, తాతల డబ్బుకూ అదే రూలు.

కామాల సంగతి ఇంకోటి. మనకు 12,34,567. ఇంగ్లీషు వాడికి 1,234,567. వికీ సాఫ్టువేరులో ఫార్మాట్‌నమ్ అని ఒక ఫంక్షన్ ఉంది, భాషను బట్టి కామాలు పెడుతుంది. బ్రౌజర్లలో జావాస్క్రిప్టుకి భారతీయ లొకేల్ ఇస్తే లక్షల కామాలు సరిగ్గానే వస్తాయి. జావాలో మామూలు డెసిమల్‌ఫార్మాట్ మాత్రం చివరి గుంపు సైజునే అన్నిటికీ వాడుతుంది. మూడు తర్వాత రెండు, రెండు అని చెప్పినా వినదు, ఐసీయూ లైబ్రరీ కావాలి. ఈ బాధ పడ్డ వాళ్ళు ఇది చదివేవాళ్ళలో కనీసం పదిమంది ఉంటారని నా నమ్మకం.

అయితే కామాలు అన్నిటికన్నా చిన్న సమస్య. పెద్ద సమస్య మిలియన్. అనువాద యంత్రం "670 మిలియన్ రూపాయలు" అని ఇచ్చిందాన్ని అలాగే వదిలేస్తే నిజామాబాద్ గాంధీచౌక్‌లో ఒక్క దుకాణదారు కూడా అది 67 కోట్లని వెంటనే చెప్పలేడు. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు. ఇది మార్చడం ఒక్క నిమిషం పని. మార్చకపోతే ఆ వ్యాసం తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లీషు వ్యాసమే.

రూపాయి గుర్తు (₹) 2010 జులైలో వచ్చింది, అదే ఏడు యూనికోడ్ 6.0లో చేరింది. అది వాడాలా, "రూ." వాడాలా అని గంటలు గంటలు కొట్టుకుంటాం. నా మటుకు నాకు రెండూ సమ్మతమే, ఒక వ్యాసంలో ఒకటే ఉంటే చాలు. కానీ 1937 నాటి హాలీ అంకె ముందు 2010 నాటి గుర్తు పెట్టకండి బాబూ. అది అప్పటి డబ్బు అనే సంగతే చదివేవాడికి తట్టదు.

డాలర్ల మార్పిడి గురించి ఒక్క మాట. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. అంతకు ముందు డాలరుకు 4.76, ఆ తర్వాత 7.50. 1965 నాటి మొత్తాన్ని ఇవ్వాళ్టి డాలరు రేటుతో భాగించి బ్రాకెట్లో పెట్టే వ్యాసాలు ఉన్నాయి. అది ఆనాటి డాలర్లూ కాదు, ఈనాటి విలువా కాదు. చారాణా కోడికి బారాణా మసాలా, అది కూడా వేరే కూరలోది!

ఒక్క అంకె మూడు కథలు చెప్తుంది

ఇంతవరకు చదివినవాళ్ళకు "ఏదో చాదస్తం, పాత పైసల గురించి ఎవడికి పట్టింది" అనిపించొచ్చు. అందుకే ఇప్పటి ఉదాహరణ ఒకటి చెప్తాను. ఇది నాకు నిద్ర లేకుండా చేసిన లెక్క.

కేంద్రం చెరుకుకు ఏటా ఎఫ్‌ఆర్‌పీ అని ఒక ధర ప్రకటిస్తుంది. ఆ పేరుతో మొదలైంది 2009-10 సీజన్‌లో, క్వింటాలుకు రూ. 129.84. 2024-25 సీజన్‌కు అది రూ. 340. తర్వాతి సీజన్‌కు 355 అయింది. 129 నుంచి 340 అంటే రెండున్నర రెట్లకు పైనే. పత్రికల్లో అలాగే వస్తుంది, వికీలోనూ అలాగే ఎక్కుతుంది.

సరే, ధరల పెరుగుదల తీసేసి చూద్దాం. 2009 అక్టోబరులో సూచీ 165. 2024 అక్టోబరులో కొత్త ఆధారం మీద 144.5, పాత ఆధారంలోకి తెస్తే 416. అంటే 2.52 రెట్లు. 129.84ని దాంతో పెంచితే రూ. 327. రైతుకు ఇచ్చింది 340. కాబట్టి నిజవిలువలో నాలుగు శాతం లాభం. బాగుంది కదా?

ఆగండి. ఎఫ్‌ఆర్‌పీ అనేది ఉత్త చెరుకు ధర కాదు. ఆ చెరుకులో ఎంత శాతం చక్కెర వస్తుందన్న లెక్క మీద కట్టిన ధర. 2009-10లో ఆ 129.84 అనేది 9.5 శాతం రికవరీకి. తర్వాత ఈ ప్రాతిపదికను 10 శాతం చేశారు, తర్వాత 10.25 చేశారు. 2024-25లో 340 అనేది 10.25 శాతానికి. 9.5 శాతం, అంతకన్నా తక్కువ వచ్చే ఫ్యాక్టరీకి చెరుకు వేసే రైతుకు ఆ సీజన్‌లో ధర రూ. 315.10.

అంటే అదే 9.5 శాతం చెరుకుకు 2009లో ఇచ్చిన ధర ఇవ్వాళ్టి విలువలో 327, ఇచ్చింది 315. నాలుగు శాతం నష్టం.

చూశారా? ఒకటే మూస, ఒకటే సూచీ, రెండు నిజమైన అంకెలు. ప్రాతిపదిక రాయకపోతే పన్నెండు రూపాయల లాభం, రాస్తే పన్నెండు రూపాయల నష్టం. క్వింటాలుకు పన్నెండు రూపాయలంటే టన్నుకు నూట ఇరవై. ఎకరానికి ముప్ఫై టన్నులు తీసే రైతుకు మూడు వేల ఆరు వందలు. ఎవరైనా వికీ చూసి "చెరుకు రైతుకు నిజవిలువలో కూడా ధర పెరిగింది" అని వాదిస్తే, పొరపాటు వాళ్ళది కాదు, ప్రాతిపదిక రాయని మనది.

పసుపు సంగతీ అంతే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్లు వేసి పోటీలో నిలబడ్డారు, మొత్తం 185 మంది అభ్యర్థులు. వాళ్ళు అడిగింది పసుపుకు క్వింటాలుకు రూ. 15,000, ఎర్రజొన్నకు 3,500. తర్వాత పసుపు బోర్డు వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇప్పుడెవరైనా మార్కెట్‌లో పసుపు 15 వేలు దాటిన రోజు చూసి "రైతులు అడిగింది వచ్చేసింది" అంటే, ఆ 15,000 అనేది 2019 మార్చి నాటి 15,000. 2024 అక్టోబరు నాటికి అది దాదాపు 20,200. ఇక్కడ మాత్రం వినియోగదారు సూచీ వాడటం న్యాయమే, ఎందుకంటే రైతు ఆ డబ్బుతో ఇల్లు గడుపుకోవాలి. ద్రవ్యోల్బణం లెక్కే వద్దని నేననడం లేదు. ఎక్కడ వాడాలో తెలిసి వాడమంటున్నాను.

మూస తనంతట తను మారితే?

కొందరు మిత్రుల వాదన ఒకటుంది. మూస పెడితే ఏటా డేటా మార్చగానే అన్ని వ్యాసాల్లోనూ నేటి విలువ మారిపోతుంది, చేత్తో రాస్తే పాతబడుతుంది కదా అని. నిజమే, మంచి వాదన. కానీ ఆ డేటా పేజీని మార్చేవాడు ఎవరు? 2020 ఆగస్టులో సూచీ 338. సెప్టెంబరులో 118.1. ధరలు మూడో వంతుకు పడిపోలేదు, ఆధార సంవత్సరం మారింది, అంతే. ఆ 2.88 గుణకం తెలియని వాడెవడో మంచి మనసుతో కొత్త అంకెను పాత వరస కింద చేర్చాడనుకోండి, ఒక్క మార్పుతో వందల వ్యాసాలు ఒకేసారి తప్పు చెప్తాయి. ప్రొడక్షన్‌లో కాన్ఫిగ్ ఫైలు మార్చి చేతులు కాల్చుకున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మొత్తం దేశానికి ఒకటే సూచీ వాడేస్తాం. సూచీ కోసం ధరలు సేకరించే కేంద్రాలు హైదరాబాదు, వరంగల్, గుంటూరు లాంటివి. 2001 సిరీస్‌లో నిజామాబాద్ లేదు. బోధన్ కూలీ ఖర్చును దేశం మొత్తం కార్మికుల సగటుతో కొలుస్తున్నాం. వ్యవసాయ కూలీలకు వేరే సూచీ ఉన్నా దాని జోలికి పోం. ఇన్ని ఉజ్జాయింపుల తర్వాత వచ్చిన అంకెలో చివరి 735 రాయడం అబద్ధమే. "సుమారు రెండు లక్షల డెబ్బై వేలు" అనాలి.

కాబట్టి నేను పాటిస్తున్నవి, మీరూ పాటిస్తే బాగుండుననుకునేవి ఇవీ:

ఒకటి, మూలంలో ఉన్న అంకెను ఉన్నదున్నట్టు రాయాలి. హాలీయో కల్దారో, ఏ సంవత్సరమో, క్వింటాలుకో టన్నుకో, ఏ రికవరీకో అన్నీ దాంతోపాటే. రా డేటాను ఓవర్‌రైట్ చేయకూడదని మనకు కొత్తగా చెప్పాలా?

రెండు, లక్షలు, కోట్లలో రాయాలి. మిలియన్లు తెలుగు వ్యాసంలో వద్దు.

మూడు, నేటి విలువ అనేది జీతాలు, కూలీ, తిండి, రైతు చేతికొచ్చే ధర, ఇలాంటివాటికే. ప్రాజెక్టులకు, కంపెనీలకు, భూములకు ఆనాటి పోలిక ఇవ్వాలి. ఆ డబ్బుకు అప్పుడు ఏం వచ్చేదో రాస్తే ఏ మూసా అక్కర్లేదు.

నాలుగు, ఏ సూచీ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు అన్నది వాక్యంలోనే కనపడాలి. "నేడు" అనే మాట రాయకండి. మీ నేడు చదివేవాడి నేడు కాదు.

ఐదు, గుండ్రంగా రాయాలి. మూలంలో రెండంకెల కచ్చితత్వమే ఉంటే ఫలితంలో ఆరంకెలు రావు.

అత్తమ్మ ఏమంది

మళ్ళీ ఉగాది రోజుకు వద్దాం. సాయంత్రం నేను ఒక కాగితం మీద మూడు లెక్కలూ రాసి, ఏది దేనికి కొలతో పక్కనే రాసి, కాక చేతికిచ్చాను. "పొద్దున ఒకటే జెప్తివి, ఇప్పుడు ఇన్ని జెప్తున్నవేందిరా" అన్నాడు. కోపం వచ్చిందనే అనుకున్నాను. బాపు ఏమీ మాట్లాడలేదు.

అప్పటిదాకా వంటింటి గడప మీద కూర్చున్న అత్తమ్మ మెల్లగా అంది: "మూడు వేలు అని మీకెవలు జెప్పిన్రు? గండ్ల పెండ్లి పందిరి, భోజనాలు, బండ్లు అన్ని కలిపితే మూడు వేలు. నా చేతుల వెట్టింది ఎనిమిది వందలు. మా అమ్మ పెట్టెల దాసుకున్న, నాకు యాది లేదా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిది వందలు నా 91 రెట్ల లెక్కలో కూడా 73 వేలే. పొద్దుణ్ణించి నేను సూచీలు, గుణకాలు, బంగారం అని కొట్టుకుంటున్నాను గానీ, అసలు మూల అంకె ఏంటని ఆ డబ్బు తీసుకున్న మనిషిని అడగనేలేదు. ఆమె పది అడుగుల దూరంలోనే కూర్చుంది. సాక్ష్యం ఎక్కడుందో వెతకకుండా ఫార్మాటింగ్ మీద పడటం అంటే ఇదే.

కాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పంపకం ఎంతకు తెగిందో ఇంటి విషయం, ఇక్కడ రాయను. ఆ 2,73,735 అన్న అంకె మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

హైదరాబాదు తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని, గతంలో వికీలో పెట్టిన బ్రాకెట్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడటం. ఇంకా అవ్వలేదు. మీలో ఎవరైనా ఇలాంటివి పెట్టి ఉంటే మీరూ ఒకసారి చూసుకోండి. మీ ఊరి ఆనకట్టో, మిల్లో, బడో, దాని పాత అంకె ఏ రూపాయిలో ఉందో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. హాలీ చేత్తో పట్టుకున్నవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. వికీకి మూలం కింద వాళ్ళ మాట చెల్లకపోవచ్చు, కానీ ఏ కాగితం వెతకాలో వాళ్ళు చెప్తారు.

మీరేమంటారు?